ఆయన చోట మరొకరు

పోయినవారి కుర్చీలో ఎన్నాళ్లకు కూర్చోవచ్చు? మనవాళ్లు మైలకు రోజులు లెక్కగట్టారు. మాసికాలకు తిథులు పెట్టారు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండుగ లేదన్నారు. కాని పాడే మనిషి పోతే, ఆయన పాటను మరొకరు ఎన్నాళ్లకు అందుకోవచ్చునో మాత్రం ఏ పంచాంగంలోనూ రాసిలేదు.

ఈ ఆలోచన నాకు రావడానికి కారణం మా అబ్బాయి కొనితెచ్చిన గ్రామఫోను రికార్డు. ఆ పాతకాలపు నల్లపళ్లాలు ఇప్పుడు మళ్లీ కుర్రకారు చేతికి వచ్చాయి లెండి. దాని అట్ట మీద బొమ్మ లేదు, పువ్వు లేదు. అంతా కారునలుపు.

"ఇదేమిట్రా, అచ్చు వెయ్యడం మరిచిపోయారా?" అంది మా శ్రీమతి.

"కాదమ్మా, వాళ్ల గాయకుడు చనిపోతే ఇలా వేశారు" అన్నాడు వాడు.

తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకు హార్డ్ రాక్ సంగీతంతో ఏ వైపు నుంచీ చుట్టరికం లేదు. కరెంటు గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకునే పాట అని మాత్రం తెలుసు. కాని చావు, పాట అన్న రెండు మాటలు ఒక్కచోట వినపడేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తరువాత ఆ రికార్డు గురించి దొరికిందల్లా చదివాను.

ఆ బృందం పేరు ఏసీ డీసీ. స్కాట్లాండులో పుట్టి, 1963 లో కుటుంబంతో ఆస్ట్రేలియాకు వలసపోయిన యంగ్ సోదరులు మాల్కమ్, ఆంగస్ అనేవాళ్లు 1973 లో సిడ్నీలో దాన్ని మొదలుపెట్టారు. తమ్ముడు ఆంగస్ బడిపిల్లవాడి నిక్కరు, టోపీ వేసుకుని గిటారు వాయిస్తాడు. 2025 లో డెబ్బై నిండాక కూడా అదే వేషంతో వేదిక ఎక్కాడు. మరుసటి ఏడు, 1974 లో, బాన్ స్కాట్ అనే గాయకుడు వారితో చేరాడు. అయిదారేళ్లు ఊరూరా తిరిగాక, 1979 లో వచ్చిన ఆల్బమ్‌తో అమెరికాలోనూ పేరొచ్చింది. ఇక దశ తిరిగిందనుకుంటున్న సమయంలో, 1980 ఫిబ్రవరి 19 న, లండన్‌లో బాన్ చనిపోయాడు. రాత్రి అతిగా తాగి, ఆగి ఉన్న కారులో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. వయస్సు 33.

బృందం అక్కడితో ముగిసిపోవలసిందే. అన్నదమ్ములూ అదే అనుకున్నారు. అంత్యక్రియలకు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, బాన్ తల్లిదండ్రులే వారిని మానవద్దన్నారు. మరొకరిని చూసుకుని పాట సాగించమన్నారు. కడుపుకోతలో ఉన్నవాళ్లు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్ ఇంగ్లండులో న్యూకాజిల్ ప్రాంతంవాడు. ఒకప్పుడు జోర్డీ అనే బృందంలో పాడాడు. అది చల్లబడ్డాక, కార్ల కప్పులకు వినైల్ తొడుగులు వేసే పని పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడు. చిత్రమేమంటే, బాన్ బతికున్న రోజుల్లో ఒకసారి ఇతని పాట విని, తోటివారితో మెచ్చుకోలుగా చెప్పాడట. తన తరువాత రాబోయేవాణ్ణి తనే చూపించి వెళ్లినట్లయింది.

ఏప్రిల్ కల్లా ఇతన్ని తీసుకున్నారు. అదే నెలలో అందరూ బహామా దీవుల్లో నాసో దగ్గరున్న కంపాస్ పాయింట్ స్టూడియోకు వెళ్లారు. రికార్డింగు నడిపించినవాడు రాబర్ట్ జాన్ లాంగ్. అందరూ మట్ లాంగ్ అంటారు. దీవులంటే ఎండ, కొబ్బరిచెట్లు అనుకుని వెళితే గాలివాన ఎదురైంది. సామాను కస్టమ్సువారి దగ్గర చిక్కుకుంది. బస యజమానురాలు దొంగల భయం ఉందని చెప్పి, చేపలు పొడిచే ఈటెలు చేతికిచ్చిందని బ్రయన్ తరువాత నవ్వుతూ చెప్పుకున్నాడు. పాటకు మాటలు దొరక్క అతను తలపట్టుకున్న ఒక రాత్రి ఆకాశం ఉరిమింది. ఆ ఉరుమును, ఆ వానను, ఆ గాలిని అలాగే పాటలో పెట్టేశాడు.

మొదటి పాట గంటతో మొదలవుతుంది. మనకు గంట అంటే గుడి, హారతి. వాళ్లకు చర్చిలో నెమ్మదిగా మోగే గంటకు మరో అర్థం కూడా ఉంది, ఎవరో పోయారని. ఆ గంట కోసం వీళ్లు పడిన పాట్లు వింటే ముచ్చటేస్తుంది. శబ్దగ్రాహకుడు టోనీ ప్లాట్ ఇంగ్లండులో లఫ్‌బరో అనే ఊరికి వెళ్లి, అక్కడి యుద్ధస్మారక గోపురంలో గంట శబ్దం పట్టబోయాడు. కొట్టినప్పుడల్లా లోపలి పక్షులు టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచేవి! చివరకు అదే ఊళ్లో గంటలు పోతపోసే జాన్ టేలర్ కార్ఖానాలో, ఈ బృందం కోసం తయారవుతున్న టన్ను బరువు గంటను అక్కడికక్కడే మోగించి శబ్దం పట్టారు. అదీ చాలలేదు. దాని వేగాన్ని సగానికి తగ్గించారు. ఆ విధంగా అది మరింత పెద్ద గంటలా మోగింది.

శోకం శ్లోకమైందని ఏటా తరగతిలో చెబుతాను. ఇక్కడ ఉన్న పది పాటల్లో మాత్రం ఒక్క ఏడుపు పాట లేదు. తాగుడు, అల్లరి, ఆడవాళ్ల ప్రస్తావన. కొన్నిటికి మా శ్రీమతి ఎదుట అర్థం చెప్పడం కష్టం. 'బ్యాక్ ఇన్ బ్లాక్' అన్నదే ఆల్బమ్ పేరు. నల్లబట్టల్లో తిరిగివచ్చాం అని. ఆ పేరుగల పాట రాయమన్నప్పుడు, అది బాన్ కోసమే, కాని దిగులు పాట కాకూడదు, పండుగలా ఉండాలి అని బ్రయన్‌కు చెప్పారట. అట్ట పూర్తిగా నల్లగా ఉండాలన్నారు. అమ్మకం ఎలాగ అని కంపెనీ భయపడితే, బృందం పేరు చుట్టూ సన్నని బూడిదరంగు గీతకు మాత్రం ఒప్పుకున్నారు.

జులై 25 న అమెరికాలో ఆల్బమ్ విడుదలయింది. లెక్క వేశాను, బాన్ పోయిన అయిదు నెలల ఆరు రోజులకు. ఇంగ్లండులో మొదటి స్థానం, అమెరికాలో నాలుగో స్థానం. అమ్మకాలు అక్కడితో ఆగలేదు. 2019 నాటికి అమెరికా ఒక్కచోటే రెండున్నర కోట్ల ప్రతుల గుర్తింపు వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రికార్డుల్లో ఇదొకటి.

ఇదంతా చదివాక నాకు మా పెదనాన్న జ్ఞాపకం వచ్చాడు. మా ఊరి రామమందిరంలో భజనగోష్ఠికి ఆయనే పెద్ద. హార్మోనియం ముందేసుకుని పల్లవి ఎత్తితే వీధి చివరి అరుగు దాకా వినపడేది. 2019 లో ఆయన పోయారు. గోష్ఠి ఆ రోజుతో ఆగిపోయింది. హార్మోనియం మీద పెదనాన్న పట్టుపంచె కప్పి పెద్దమ్మ తన గదిలో పెట్టుకుంది. ఈ ఏడు శ్రీరామనవమికి ముందు గోష్ఠివారు నలుగురు వచ్చి, "వదినగారూ, కుర్రవాడొకడు బాగా పాడుతున్నాడు. పెట్టె ఇప్పిస్తే మళ్లీ మొదలుపెడతాం" అని అడిగారు. పెద్దమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. పెట్టె మాట మాత్రం ఎత్తలేదు.

మొన్న సెలవులకు ఊరు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దమ్మ పక్కన చేరి ఈ కథంతా చెప్పాను. ఉరుము దగ్గర తల ఊపింది. పక్షుల దగ్గర నవ్వింది. అంతా అయ్యాక అడిగింది:

"ఆ పోయిన పిల్లాడికి తల్లి ఉందట్రా అప్పటికి?"

"ఉంది పెద్దమ్మా."

"మానొద్దు, పాడుకోండి అందా?"

"అందిట. తండ్రి కూడా."

కాసేపు మాట్లాడలేదు. చేట పక్కన పెట్టింది.

"ఆ వచ్చినవాడు పోయినవాడిలాగే పాడాడా?"

"లేదు. గొంతు వేరు. తన పాట తాను పాడాడు."

పెద్దమ్మ లేచి గదిలోకి వెళ్లింది. పంచె దులిపిన చప్పుడు వినిపించింది. తరువాత లోపలి నుంచే అంది:

"పెట్టె ఇచ్చే మాట తరవాత. రేపు సాయంత్రం ఆ కుర్రాణ్ణి రమ్మను. ఇక్కడ కూర్చుని పాడమను. ముందు నేను వినాలి."