ఒక్క బండి, నలుగురు పనివాళ్ళు

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో నడిచేవారికి తెలుగు మాట తరచుగా చెవిని పడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల క్రితం తరలిపోయిన పద్మశాలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. అటువంటి ఇంటిలోని తండ్రి ముప్పై ఏళ్ళుగా ఒక ఖాతాలో సాంచలు నడుపుతున్నాడు. ఖాతా అంటే సూరత్‌లో మరమగ్గాల షెడ్డు. సాంచ అంటే తెలంగాణ నేతగాని నోట మరమగ్గం. కుమారుడు కంప్యూటర్ చదువు చదివాడు.

తండ్రి సూరత్ చేరిన కొత్తలో అతనికి దక్కినది సగం మంచం. పగటి షిఫ్టువాడు లేచి పోతే రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చేవాడు. పన్నెండు గంటలు ఒకడిది, పన్నెండు గంటలు మరొకడిది. గంజాం జిల్లా నుంచి వచ్చే ఒడియా కార్మికుల మెస్సులలో ఈ పద్ధతి నేటికీ చూడవచ్చు. ఇద్దరికీ ఒకేసారి నిద్ర వస్తే ఏమవుతుందనే ప్రశ్న అక్కడ పుట్టదు. షిఫ్టు సైరనే దానికి సమాధానం.

కంప్యూటరులో సైరను లేదు. కుమారుడు ఈ సంగతి తెలుసుకొనడానికి ఒక నెల పట్టింది, తండ్రి కూలిలో 41 మీటర్లు తరిగింది.

నేతకు కూలి మీటరు లెక్కన. ఖాతా యజమాని కోరిక మీద కుమారుడు కూలి లెక్కలు కట్టే ప్రోగ్రామును ఓకామెల్ అనే భాషలో వ్రాశాడు. ఫ్రాన్సులో రూపొందిన ఈ భాష ప్రమేయ ప్రధానమైనది. ఇటువంటి భాషలలో ఒక విలువకు పేరు పెట్టిన పిదప దానిని చెరిపి మరొకటి వ్రాయడం సాధారణంగా ఉండదు; పాత విలువ నుంచి కొత్త విలువ పుట్టవలసిందే. చెరిపేవాడే లేనప్పుడు పదిమంది ఒకే అంకెను ఒకేసారి చదివినా చిక్కు రాదు. ఐతే ఓకామెల్ ఛాందసం గల భాష కాదు. కావలసినవారికి చెరిపి వ్రాసుకొనే పలక కూడా ఇస్తుంది. తొందరలో ఉన్న యువకుడు ప్రతి నేతగాని పేరిట అటువంటి పలక ఒకటి పెట్టాడు.

పలక మీద 240 ఉన్నదనుకొందాం. ఒక సాంచ నుంచి 6 మీటర్లు, మరొక సాంచ నుంచి 4 మీటర్లు ఒకే క్షణాన వచ్చాయి. రెండు పనులను రెండు థ్రెడ్లు అందుకొన్నాయి. రెండూ 240నే చదివాయి. ఒకటి 246 వ్రాసింది, మరొకటి దానిపైననే 244 వ్రాసింది. రావలసినది 250. ఆరు మీటర్లు ఎక్కడికి పోయాయో పలకకు తెలియదు.

తండ్రి జేబు చిట్టాలో తన మీటర్లు వ్రాసుకొనే అలవాటు గలవాడు. యజమాని కంప్యూటరు కాగితం చూపి, యంత్రం అబద్ధమాడదన్నాడు. తండ్రి మారు పలకలేదు. ఆ యంత్రానికి మాట నేర్పినవాడు తన కొడుకే.

విరుగుడు పాతదే. ఒకే వస్తువును అనేకులు ఒకరి తరువాత ఒకరు వాడుకొనే సమస్యకు 1965లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా చిన్న వ్యాసంలో సమాధానం చూపాడు. దాని నుంచి వచ్చినదే మ్యూటెక్స్ అనే తాళం: తాళం పొందినవాడే పలకను ముట్టాలి, తక్కినవారు ఆగాలి. నిజానికి ఓకామెల్ భాష చాలాకాలం షెడ్డంతటికీ ఒకే తాళంతో గడిపింది. థ్రెడ్లెన్ని ఉన్నా ఒక సమయాన ఒకటే ఓకామెల్ పనిని నడిపేది. 2022 డిసెంబరులో వెలువడిన 5.0 వెర్షన్ ఆ నిర్బంధాన్ని తొలగించింది. ఆ కృషిలో మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన కె.సి. శివరామకృష్ణన్ ప్రముఖులు.

యువకుడు పలకకు తాళం బిగించాడు. లెక్క కుదిరింది. మూడవ రాత్రి ప్రోగ్రాము నిలిచిపోయింది!

థ్రెడ్ పూల్ అంటే పనివాళ్ళ జట్టు. పనులు వేలు రావచ్చు. పనివాళ్ళు కంప్యూటరులోని కోర్లు ఎన్నో అంతమందే. ఇక్కడ నలుగురు. ఒక పని మరొక పని ఫలితం కోసం ఆగవలసివస్తే, పనివాడు దానిని ప్రక్కన పెట్టి వేరొకటి అందుకొంటాడు. పోగు తెగిన సాంచను చూసి మరొక సాంచ వద్దకు పోయే నేతగాడూ అంతే చేస్తాడు. యువకుడు చేసిన తప్పు, తాళం పట్టుకొని ఆగడం. మొదటివాడు తాళం తీసుకొని, ఆ రకం గుడ్డ రేటు చెప్పే పని ముగిసేవరకు తన పనిని ప్రక్కన పెట్టాడు. చేతికందిన కొత్త పనికీ అదే తాళం కావాలి. తన వద్దనున్న తాళాన్నే అడిగాడు, తప్పు అనిపించుకొన్నాడు. తక్కిన ముగ్గురూ తాళం ముందు బారులు తీరారు.

తెల్లవారి కొడుకు ఈ గొడవ చెప్పగా తండ్రి నవ్వాడట. షెడ్డులో పడుగు భీములు మోసే బండి ఒక్కటే ఉంటుంది.

"బండి పట్టుకొని చాయకు పోతరా బిడ్డా? భీము దించినంక విడువాలె. చాయ తరువాత."

ఇంతకంటె తేట మాట పాఠ్యగ్రంథాలలో దొరకడం అరుదు. యువకుడు రేటు చూడడం, మీటర్లు కూడడం తాళానికి బయట పెట్టాడు. ప్రతి సాంచ అంకెనూ చెరపకుండా విడిగా నిలిపాడు; మొదటే భాష స్వభావాన్ని మన్నించి ఉంటే అతనికి ఇంత అవస్థ ఉండేది కాదు. చివర ఖాతా పుస్తకంలో మొత్తం వ్రాసే క్షణానికి మాత్రం తాళం మిగిలింది. మధ్యలో పొరపాటు జరిగినా తాళం దానంతటదే విడివడే ఏర్పాటు 5.1 వెర్షన్ నుంచి ఆ భాషలోనే ఉన్నది, దానిని వాడుకొన్నాడు.

మరుసటి నెల కంప్యూటరు లెక్కా చిట్టా మీటరు తేడా లేకుండా కలిశాయి. పాత 41 మీటర్ల కూలి తండ్రికి ముట్టింది. ఆ షెడ్డులో చిట్టా వ్రాసుకొనే అలవాటు తక్కిన నేతగాళ్ళెవరికీ లేదు. మొదటి నెల పలకలో వారి మీటర్లెన్ని చెరిగిపోయాయో చెప్పగల అంకె ఎక్కడా మిగలలేదు.