ట్రాలీ లైటు మసకబారితే బల్బు కొనుడు ఆపి ఎర్తు చూడుండ్రి



మన వరంగల్ దిక్కు నుంచి మేడారం జాతరకు ట్రాలీ కట్టుకొని పోయేటోళ్ల కోసం, మిర్చి బస్తాలేసుకొని తెల్లారకముందే ఎనుమాముల మార్కెట్‌కు చేరేటోళ్ల కోసం ఈ ముచ్చట రాస్తున్న. ట్రాలీల మనుషులను ఎక్కించుడు చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి అందరికీ ఎరుకే. అయినా పోతనే ఉన్నరు. పోయినప్పుడన్నా వెనక లైటు వెలగాలె గదా.

2024 జాతరకు మా ట్రాలీ అంటే చిన్న ఇల్లే. పైన టార్పాలిన్, కింద వరిగడ్డి, దాని మీద చాపలు, ఒక మూలకు వంట సామాన్లు, అమ్మవార్లకు బంగారం. లోపల రెండు ఎల్‌ఈడీ పట్టీలు, వెనక లైట్లు, అన్నీ ట్రాక్టర్ 12 వోల్టుల బ్యాటరీ మీదనే. ములుగు దాటి పస్రా దిక్కు పోతుంటే వెనక బండిల వస్తున్న మా బావ ఫోన్ చేసిండు. "బామ్మర్దీ, నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా ఎర్రలైటు పడిపోయి ఇండికేటర్ గుడ్డిగ వెలుగుతాంది, జర ఆపు" అన్నడు. అడవి రోడ్డు, రాత్రి, ముందూ వెనకా బండ్లే. మా ట్రాలీల పన్నెండు మంది, అండ్ల నలుగురు పిల్లలు.

జాతరకు వారం ముందు ఇదే జబ్బుకు ఒక మెకానిక్ మూడు బల్బులు మార్చి పైసలు తీసుకున్నడు. కానీ బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతాందంటే అది బల్బు జబ్బు కాదు, ఎర్తు జబ్బు.

ఎట్లంటే, బల్బుకు పోయిన కరెంటు మళ్ల బ్యాటరీ మైనస్‌కు రావాలె. చానా ట్రాలీలకు ఆ తిరుగు తొవ్వకు వేరే వైరు ఉండదు. ట్రాలీ ఇనుము, ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను, అదే తొవ్వ. పిన్నుకు గ్రీజు, ఇనుముకు రంగు, యూరియా బస్తాలు మోసిన కాడ తుప్పు. ఆ తొవ్వ మూసుకపోతే కరెంటు పక్క బల్బుల నుంచి దొడ్డిదారిన పోతది. అందుకే ఒకటి ఆరుతది, ఇంకోటి వెలుగుతది.

కొందరు బల్బు తీసి మీటర్ పెట్టి "12 ఉన్నది గదా" అంటరు. వైరుల ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తది. మన డ్రిప్ తీరే: లైను చివర మూసి గేజీ పెడితే ప్రెషర్ నిండుగ ఉంటది, విప్పితే సన్నధార. అందుకే లైటు వేసే ఉంచి చూడాలె. మీటర్ నల్ల పుల్ల బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర పుల్ల వెనక లైటు ఎర్తుకు. అర వోల్టు లోపు ఉంటే ఫరవాలేదు. మూడో నాలుగో చూపిస్తే లైటుకు అందాల్సినవి తొవ్వలనే కరిగిపోతున్నట్టు.

ఆ రాత్రి మీటర్ యాడిది? మోటారు సర్వీస్ వైరు ముక్క ఉంటే బ్యాటరీ మైనస్ నుంచి లైటు ఎర్తుకు ఆనించినం. భగ్గున వెలిగింది. దాన్నే ట్రాలీ వెంబడి కట్టుకొని మేడారం పోయొచ్చినం.

ఇంటికొచ్చినంక ప్రతి లైటుకు మందమైన ఎర్తు వైరు వేసి, ట్రాక్టర్ వెనక ఏడు పిన్నుల సాకెట్ దాకా తెచ్చిన. సాకెట్ పిన్నులకు పచ్చగ చిలుము పట్టింది, గరుకు కాగితంతో రుద్దితే మెరిసినయి. బోల్టు బిగించే కాడ రంగు గీకి, రింగు పెట్టి బిగించి, గ్రీజు ఆ తర్వాత పూయాలె. ముందు పూస్తే మళ్ల అదే కథ.

ఎల్‌ఈడీ పట్టీల సంగతి వేరు. ఇంజన్ నడుస్తుంటే లైనుల 14 వోల్టుల పైనే ఉంటది, చవక పట్టీలు దానికే మాడిపోతయి. 12 నుంచి 24 దాకా తట్టుకునేవి దొరుకుతయి, అవే తీసుకోండి. రెండు ఆంపియర్ల లైట్లు ఇంజన్ బందు పెట్టి పది గంటలు వేస్తే 20 ఆంపియర్ అవర్లు పోయినట్టు. పాత బ్యాటరీ అయితే తెల్లారి సెల్ఫ్ తిరగదు.

ఇంకొకటి, ఇది మాత్రం వాయిదా వేయకండి. 12 వోల్టులు షాక్ కొట్టదని ధీమా పడతరు. కానీ వైరు ట్రాలీ అంచుకు ఒరుసుకొని షార్ట్ అయితే ఎర్రగ కాలుతది, కింద ఉన్నది ఎండు గడ్డి, దాని మీద పండుకున్నది మన పిల్లలు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపల 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. పట్టీల దగ్గర పెడితే నడుమ వైరుకు కాపలా ఉండదు.