కూర్చుండి విడిచిన బాణం

విలువిద్య అనగానే మన మనస్సులో మెదిలేది నిలుచున్న వీరుని ఆకృతి. ఒక కాలు ముందుకు చాచి, వెన్ను నిటారుగా నిలిపి, నారిని చెవిదాకా లాగిన ఆ మూర్తిని దేవాలయ స్తంభాల మీదనూ, గోడపటాలలోనూ చూచి చూచి, నడువలేనివానికి వింటితో ఏమి పని అనుకోవడం మనకు అలవాటైపోయింది. విలువిద్యను నేర్చుకొమ్మని ప్రవక్త (స) ప్రోత్సహించిన సంగతి, హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ గారి గురి ఎంత ప్రసిద్ధమో, మన విద్యార్థులకు తెలిసినవే. ఆ గాథలు చదివేటప్పుడు కూడ మన ఊహలో ఉండేది కాళ్ల మీద నిలిచిన మనిషే.

ఈ ఊహను చెదరగొట్టినది ఒక ఆసుపత్రి పచ్చిక బయలు. ఇంగ్లండులోని ఏల్స్‌బరీ పట్టణం వద్ద స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో, యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్నవారి కొరకు 1944 ఫిబ్రవరిలో ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. దాని అధిపతి లుడ్విగ్ గుట్‌మన్. యూదుడైన కారణాన నాజీల జర్మనీ విడిచి 1939లో ఇంగ్లండు చేరిన నాడీ వైద్యుడు. ఆ కాలంలో వెన్నుపాము చెడిన రోగిని వైద్యులే ఆశ వదలి ఒక మూల పడుకోబెట్టేవారు. పడక పుండ్లు, మూత్రకోశ వ్యాధులు అతనిని హరించేవి. గుట్‌మన్ రెండేసి గంటలకొకసారి రోగిని పక్క మార్పించి ప్రాణాలు నిలిపాడు. నిలిచిన ప్రాణం మంచం మీద ఏమి చేయాలి? అందుకు ఆయన చూపిన మార్గాలలో విల్లు ఒకటి. నారి లాగడానికి కావలసిన భుజాలు, వీపు, పై మొండెము, ఇవే కాళ్లు చచ్చినవాడు కుర్చీలో తిన్నగా కూర్చోవడానికి కూడ కావాలి. అంటే మందుగా మొదలైనది ఆటగా మారినదన్నమాట.

1948 జూలై 29న లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజుననే ఆ పచ్చికపై పదహారుమంది, అందులో ఇద్దరు స్త్రీలు, చక్రాల కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్స్‌కు అదే బీజం. 1960లో రోము నగరంలో మొదటి పారాలింపిక్స్ జరిగినప్పుడూ విలువిద్య ఉన్నది.

ఇతర క్రీడలలో వికలాంగుడు సాధారణంగా వికలాంగునితోనే పోటీపడతాడు. విలువిద్యలో ఆ గోడ పలుచన. రికర్వ్ విల్లుకు ఒలింపిక్స్‌లో 70 మీటర్లయితే పారాలింపిక్స్‌లోనూ 70 మీటర్లే; లక్ష్యఫలకం వ్యాసం రెండింట 122 సెంటీమీటర్లే. న్యూజిలాండుకు చెందిన నెరోలీ ఫెయిర్‌హాల్ చక్రాల కుర్చీలో కూర్చుండియే 1982 బ్రిస్బేన్ కామన్వెల్తు క్రీడలలో స్వర్ణం గెలిచి, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. కూర్చుండి వేయడం లాభమా అని అడిగినవారికి, తాను ఏనాడూ నిలబడి వేయలేదు గనుక తెలియదని బదులిచ్చిందట. ఆ చమత్కారంలోని పదును నాకు చాల నచ్చుతుంది.

బొటనవేలు పోతే విలువిద్య పోయినట్లేనని ఏకలవ్యుని కథ మనకు నేర్పింది. బొటనవేలితో నారి లాగే పద్ధతి ఆసియాలో బహుళ ప్రచారంలో ఉండినది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాను చక్రవర్తి విలువిద్యకు ధరించిన ఉంగరం నేటికీ ఉన్నది. అయితే ఈనాటి ఒలింపిక్ విలుకాడు నారిని మిగిలిన వేళ్లలో మూడింటితో లాగుతాడు. ఇక జమ్ము ప్రాంతపు కిష్త్‌వాడ్ బాలిక శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. ఆమె కుర్చీలో కూర్చుండి కుడి పాదంతో కాంపౌండు విల్లు పట్టి, భుజానికి అమర్చిన సాధనంతో నారి లాగి, దవడ కదలికతో బాణం విడుస్తుంది. 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు మాత్రమే. 2024 పారిస్‌లో ఆమె అర్హత పోటీలో 720కి 703 సాధించింది. వ్యక్తిగత పోటీలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం తెచ్చింది. 2025లో ప్రపంచ విజేత అయింది. అదే పారిస్‌లో హర్విందర్ సింగ్ మన దేశానికి పారాలింపిక్ విలువిద్యలో తొలి స్వర్ణం తెచ్చాడు. అర్థశాస్త్రంలో పరిశోధన చేసిన విద్యావంతుడాయన. క్రీడలు చదువుకు ఆటంకమని వాదించే మిత్రులు ఈ సంగతి గమనింతురు గాక.

ఈ ముచ్చట తరగతిలో చెప్పడానికి ఒక కారణం ఉన్నది. చంకకర్రతో నడిచే ఒక విద్యార్థి ఏటా మన క్రీడోత్సవంలో బల్ల దగ్గర కూర్చుండి స్కోరు పుస్తకం వ్రాస్తాడు. అందరూ అతని దస్తూరిని మెచ్చుకుంటారు. ఏ ఆటలో పేరు వ్రాసుకొంటావని అడిగినవారు లేరు. పాఠం ముగిసిన తరువాత అతడు నా వద్దకు వచ్చి, "సార్, కుర్చీలో కూర్చున్నవారికి దూరం ఏమైనా తగ్గిస్తారా?" అని అడిగాడు. తగ్గించరని చెప్పాను. "అయితే మంచిది సార్" అన్నాడు.

గ్రంథాలయం వెనుక ఎత్తయిన గోడ ఉన్న ఖాళీ స్థలం ఉన్నది. అటు రాకపోకలు లేవు. ఒక శిక్షకుడు, రెండు విండ్లు, గడ్డి బిగించిన ఒక ఫలకం సమకూర్చవలసిందిగా కాలేజి కమిటీ వారికి అర్జీ వ్రాశాను. దాని సాపు ప్రతి అతని దస్తూరిలోనే ఉన్నది.