గుట్ట మీద దొరకని చోటు



ఈ సంక్రాంతి సెలవులలో మన మోమిన్‌పేట యౌవనస్థులను రెండు రోజుల కూడికకు అనంతగిరి తీసుకొని వెళ్తామని మేము డిసెంబరులోనే ప్రకటన చేశాము. మూసీ నది పుట్టిన గుట్టలు అవి. ఒకప్పుడు క్షయ రోగులు మంచి గాలి కోసం వచ్చిన చోటు. ఇప్పుడు శని, ఆదివారాలు వస్తే చాలు, హైదరాబాదు కార్లే కార్లు. ఇంత దగ్గర ఉన్నా మన పిల్లలలో చాలామంది అక్కడ ఒక్క రాత్రి కూడా ఉండలేదు.

అక్కడ టూరిజం వారి హరిత రిసార్టు ఉంది. గుడారాలు వేసి అద్దెకిచ్చే ప్రైవేటు స్థలాలూ ఉన్నాయి. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసి డబ్బు కట్టాలి. మేమేమో అందరి డబ్బు చేతికి వచ్చాక చేద్దామని ఆగాము. తలకు ఎనిమిది వందలు. ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిది మంది ఇచ్చారు. జనవరి మొదటి వారంలో ఫోను తీసి చూస్తే, మేము చూసిన చోట్లన్నీ పండుగ రోజులకు నిండిపోయాయి. తప్పు మాదే.

ఆ సాయంత్రం ఒక తమ్ముడు అన్నాడు: "అయ్యగారూ, బుకింగ్ ఎందుకు? అడవిలకు పక్క దారి నాకు ఎరికే. రాత్రి పోయి టెంటు వేసుకుందాం. ఎవరు అడుగుతరు?"

నిజం చెప్పాలంటే, మేము వెంటనే కాదనలేదు. అది రిజర్వు అడవి. అనుమతి లేకుండా పోయి నిప్పు పెడితే నేరమని మాకు తెలుసు. ఎండాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా ఒక రాత్రంతా ఆ మాటను మనసులో తిప్పుకున్నాము. పిల్లల ముందు మాట పోతుందనే భయం అది. ప్రసంగ పీఠం ఎక్కి ఆజ్ఞల గురించి చెప్పే నోరు, తన పరువు దగ్గరికి వచ్చేసరికి ఎలా మూతపడుతుందో ఆ రాత్రి చూసుకున్నాము.

తెల్లవారి మన సంఘంలోని ఒక పెద్దమ్మ వచ్చింది. "గుట్ట మీద జాగ లేకపోతే ఏంది అయ్యగారూ, మా చేను లేదా? కంది కోసినం, ఖాళీగనే ఉన్నది" అన్నది.

అలాగే చేశాము. వెదురు బొంగులు పాతి టార్పాలిన్లు కట్టాము. చలిగాలికి అడ్డంగా కంది కట్టెలు నిలబెట్టాము. స్త్రీల సమాజం వారు జొన్నరొట్టెలు, పప్పు తెచ్చారు. ముప్పై ఒక్క మందీ వచ్చారు. డబ్బు ఇవ్వని ఆ పన్నెండు మందీ వచ్చారు.

రాత్రి మంట దగ్గర, పత్తి ఏరబోయి బడి ఫీజు కట్టుకునే ఒక తమ్ముడు మెల్లగా అన్నాడు: "గుట్టకు పోతే నేను రాకపోతుంటి, అయ్యగారూ."

ఆ మాట మమ్మల్ని పొడిచింది. డబ్బు ఇవ్వనివారికి ఆసక్తి లేదనుకున్నాము. ఎందుకని ఒక్కరి ఇంటికీ వెళ్లి అడగలేదు.

దేవుని బిడ్డలారా, నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తీసి చూడండి. చెర నుండి తిరిగి వచ్చినవారు కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చి, తమ మిద్దెల మీద, ముంగిళ్లలో పర్ణశాలలు కట్టుకున్నారు. తరువాత ద్వితీయోపదేశకాండము 16:14 చదవండి. ఆ పండుగలో ఎవరెవరు సంతోషించాలో అక్కడ పట్టిక ఉంది. కొడుకు, కూతురుతో పాటు దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. ఎనిమిది వందలు ఇవ్వగలవారి పట్టిక కాదు అది. మేము రాసిన పట్టికను దేవుడు రాసిన పట్టిక పక్కన పెట్టి చూసుకొని సిగ్గుపడ్డాము.

వచ్చే ఏడు అనంతగిరికి తప్పక వెళ్దాము. నవంబరులోనే బుక్ చేస్తాము. మందిరంలో ఒక డబ్బా పెడతాము. ఇవ్వగలిగినవారు పేరు లేకుండా వేయండి. మొదట అందరి పేర్లు రాస్తాము, డబ్బు లెక్క తరువాత చూస్తాము. చేను ఇచ్చిన పెద్దమ్మ మోకాళ్ల నొప్పుల కొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకొనండి.

ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.