గోడకవతల పచ్చిది, గోడకివతల ఎండుది

"వదినగారూ, మీ కోకో ఇవాళా తిండి ముట్టుకోలేదా?"

పొద్దున్న ఏడింటికి ప్రహరీ గోడ మీద ముందు నాలుగు వేళ్లు కనిపిస్తాయి, తర్వాత కొప్పు, ఆ తర్వాత వదినగారి మొహం. అటువైపు ఆవిడకి బట్టలుతికే బండ ఉంది, దాని మీద ఎక్కి నిలబడుతుంది. ఇటువైపు నేను పాత సిమెంటు కుండీ ఒకటి బోర్లించి పెట్టుకున్నాను. పదిహేనేళ్ల మా స్నేహం ఆ బండ మీదా ఈ కుండీ మీదా నిలబడి ఉంది. ఒకప్పుడు ఆవకాయ పాళ్లూ, పనిమనిషి నాగాలూ, కుళాయి వచ్చిందా రాలేదా అన్న కబుర్లుండేవి. రెండేళ్లుగా కుక్కల కబుర్లే.

మావాడు బెంగుళూరులో ఫ్లాటు మారుతూ, "పది రోజులేనమ్మా" అని తన లాబ్రడార్ కోకోని తెచ్చి వదిలి వెళ్లాడు. ఆ పది రోజులకి మొన్న సంక్రాంతితో రెండేళ్లు నిండాయి. వదినగారి టైగరు జర్మన్ షెపర్డ్. వాళ్ల పెద్దబ్బాయి మెల్‌బోర్న్ నుంచి ఫోనులో దాని భోజనం నడిపిస్తాడు. పచ్చి మాంసమే పెట్టాలిట. వండితే సారం పోతుందిట. మేం కోకోకి పెట్టే ఎండు బిళ్లలు మనం మూడు పూటలా చిప్స్ పాకెట్టు తిన్నట్టేట.

ఆ "ట"లన్నీ మోసుకుని ఆవిడ రోజూ సందు చివర చికెన్ కొట్టుకి వెళ్లేది. మెడలూ, కందనకాయలూ, కార్జం నల్ల కవర్లో కట్టించుకుని వచ్చేది. గుంటూరు ఎండలు మీకు తెలుసుగా. ఆ కొట్లో చెక్క మొద్దు ఎప్పుడు కడిగారో ఆ మొద్దుకే తెలియాలి. అదే కత్తి, అదే తడిగుడ్డ, పైన ఈగలు. మనం ఆ చికెన్నే తెచ్చుకుంటాం, నిజమే. కానీ ఉప్పూ పసుపూ వేసి కడిగి, కుతకుతా ఉడికించి తింటాం. టైగరు అలాగే తినేస్తాడు.

"తోడేలు వండుకుని తింటుందా వదినగారూ?" అనేది ఆవిడ.

ఈ వాదనకి మూలపురుషుణ్ని మా వారు వెతికి పట్టుకున్నారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఇంట్లో వినేవాళ్లు లేక అల్లాడుతుంటారు. ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అని ఆస్ట్రేలియాలో పశువైద్యుడట, 1993లో "గివ్ యువర్ డాగ్ ఎ బోన్" అని పుస్తకం రాశాడు. కుక్క ఒంటికి పచ్చి ఎముకలూ మాంసమే పడతాయని ఆయన పట్టు. "చూశారా, మావాడి ఊరాయనే!" అంది వదినగారు, ఆస్ట్రేలియా అంతా ఒక వీధి అయినట్టు.

"తోడేలు మనవడే కావచ్చమ్మా, కానీ మన గడపలో పడి తిని తిని మారిపోయాడు" అన్నారు మా వారు వరండాలోంచి. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైముకి ఒక జన్యువుంది. తోడేలులో దానికి 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో నేచర్ పత్రికలో రాశారు. మనిషి సేద్యం మొదలుపెట్టాక మిగిలిన ముద్ద తిని బతికిన జాతి మరి. మా అమ్మమ్మగారి ఊళ్లో కుక్క పన్నెండేళ్లు గంజీ మజ్జిగన్నం తిని దొంగల్ని తరిమింది. (ఇది నేచర్ పత్రికలో రాలేదు.)

అలాగని నా బిళ్లలేవో వేదకాలం నాటివని కాదు. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు పిడుగుల్ని ఆపే ఇనుప కడ్డీలు అమ్ముకుందామని లండన్ వెళ్లాడు. అక్కడ రేవులో ఓడవాళ్లు పారేసిన గట్టి బిస్కెట్లని కుక్కలు కరకర నములుతుంటే చూసి, కడ్డీలొదిలేసి కుక్క బిస్కెట్లు మొదలుపెట్టాడని చెబుతారు. ఇప్పటి బిళ్లలకి దారి వేసింది ప్యూరినా కంపెనీ వాళ్లు, 1957లో. పిండినీ మాంసం పొడినీ ఆవిరిలో ఉడికించి, గట్టిగా ఒత్తి బెజ్జాల్లోంచి తోస్తారు. బయట గాలి తగలగానే పొంగుతాయి, టకటకా కోస్తారు. మన జంతికల గొట్టమే, కాకపోతే కరెంటుతో నడుస్తుంది. చివర్లో పైన కొవ్వు చల్లుతారు. కోకో సంచీ చప్పుడు వినగానే తోకతో గోడలు కొట్టేది ఆ కొవ్వు వాసనకే.

ఒకరోజు వదినగారు నా సంచీ గోడ మీదకి లాక్కుని కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ప్రోటీను 24 శాతమేనా! నాది అంతా మాంసమే కదా!" అక్కడ మాత్రం ఆవిణ్ని పట్టుకున్నాను. "మిర్చి యార్డులో ఎండు మిర్చి బస్తా, తోటలో పచ్చిమిర్చి బస్తా ఒకటేనా వదినగారూ?" నా బిళ్లల్లో తేమ 10 శాతం. ఆవిడ చికెన్‌లో ముప్పావు వంతు దగ్గర దగ్గర నీళ్లే. ఉన్నదున్నట్టు తూకం వేస్తే దాంట్లో ప్రోటీను 20 శాతానికి కాస్త అటో ఇటో. నీళ్లు తీసేసి లెక్క కడితే మాత్రం పైచేయి ఆవిడదే, ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను కూడా, కాస్త చిన్న గొంతుతో.

నా పరువు అసలు పోయింది వానాకాలంలో. చవకని పది కిలోల సంచీ కొని, బియ్యం పోసుకునే పాత స్టీలు డబ్బాలో కుమ్మరించాను. మూత సరిగ్గా పట్టదు. రెండు నెలలకి ఒకరోజు కోకో గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది. చేత్తో తీసి నలిపితే మెత్తగా ఉంది, మురిగిన నూనె కంపు. పశువుల డాక్టరుగారు తిట్టినంత పని చేశారు. కొన్న సంచీలోనే ఉంచి, మూతి మడిచి, ఆ సంచీనే డబ్బాలో పెట్టాలిట. విప్పాక నెలా నెలన్నరలో అయిపోయేంతే కొనాలిట. చెమ్మ తగిలితే బూజు, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం. ఆ మాట మన ఊళ్లో మిర్చి ఎగుమతి చేసేవాళ్లని అడగండి, సగం నిద్రలో కూడా ఉలిక్కిపడతారు.

మా వారికి అది చాలు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చచ్చిపోయారట. కామెర్లు, పొట్ట నిండా నీళ్లు. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు వెళ్లి తవ్వి చూస్తే, అదే తిండి తిన్న ఊరి కుక్కలకీ అదే జబ్బట. ఆ పూట నేను కూడా అన్నం సరిగ్గా తినలేదు. డబ్బా పాతసామాన్లవాడికి వేసేశాను.

ఈ డబ్బా సంగతి వదినగారికి చెప్పకూడదనుకున్నాను. పాతసామాన్లవాడే చెప్పేశాడు.

ఆవిడ మాత్రం ఏమైనా తక్కువ తిందా? టైగరు పిల్లగా ఉన్నప్పుడు ముద్దుకొద్దీ ఎముక లేకుండా కండా కార్జం పెట్టింది మూడు నెలలు. కండలో ఫాస్ఫరసు దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. కుంటడం మొదలుపెట్టాక డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి, "మాంసం అంటే భోజనం కాదమ్మా, భోజనంలో ఒక కూర" అన్నారట. కార్జం రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువైపోయి అదో ఇబ్బంది. ఎముకలు పెడదామా అంటే, వండినవి సూదుల్లా చీలి పేగుల్లో దిగుతాయి. పచ్చివి అంతగా చీలకపోయినా పళ్లు విరుగుతాయి, గొంతులో అడ్డం పడతాయి. ఆదివారం మటన్ తిన్నాక బొమికలు కుక్కకి వేసే అలవాటు మా ఇంట్లో ఆరోజుతో మానేశాం. మా వారికి దిగులు, బొమిక పీల్చాక ఇంకెవరికివ్వాలని.

అయినా ఆవిడ పట్టు వదల్లేదు. మొన్న మే నెలలో వాళ్లమ్మాయి తొమ్మిది నెలల మనవణ్ని తీసుకుని వచ్చింది. వాడు అప్పుడే పాకుతున్నాడు. ఓ మధ్యాహ్నం గోడవతల నుంచి కెవ్వుమని కేక. కుండీ ఎక్కి చూద్దును కదా, వసారాలో పిల్లాడు చాప మీద కూర్చుని పిడికిట్లో ఏదో పట్టుకుని నోట్లోకి తోసుకుంటున్నాడు. టైగరు పొద్దున్న సోఫా కిందికి ఈడ్చుకెళ్లి దాచుకున్న కోడి మెడ అది. వదినగారు వేలుపెట్టి లాగింది. పిల్లాడు నవ్వుతున్నాడు, ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

దేవుడి దయ, పిల్లాడికేమీ కాలేదు. కానీ సాయంత్రం డాక్టరుగారు వచ్చి కూర్చుని చెప్పారు. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా ఉండొచ్చు. ఫ్రీజర్లో పెడితే చావదు, పడుకుంటుంది. కుక్కకి ఏ జబ్బూ కనిపించదు, గంతులేస్తూనే ఉంటుంది. దాని పెంటలో మాత్రం ఆ సూక్ష్మజీవి వస్తూనే ఉంటుంది, పచ్చి మాంసం తిన్న నోటితోనే పిల్లాడి చెంప నాకుతుంది. అంతటితో ఆగకుండా, "గొర్రె ఊపిరితిత్తులూ కార్జం పచ్చివి ఎప్పుడైనా పెట్టారా?" అని అడిగారు. వదినగారు నేల చూపులు చూసింది. వాటిలో నీటి బుడ్డలుంటాయి ఒక్కోసారి. అవి తిన్న కుక్క పేగుల్లో సన్నటి బద్దెపురుగులు పెరుగుతాయి, గుడ్లు పెంటలో పడి, బొచ్చుకి అంటుకుని మన చేతికొస్తాయి. అవి మన కడుపులోకి వెళితే కాలేయంలో అదే బుడ్డ, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది.

మెల్‌బోర్న్‌లో పరీక్ష చేసి, చల్లగా పెట్టి, కుక్కకోసమే అమ్మే మాంసం కొని ఆ అబ్బాయి పెడితే పెట్టుకోనీ. అక్కడ కూడా సాల్మొనెల్లా సెలవు పెట్టిందని ఎవరూ అనలేదు, అది వేరే సంగతి. మన సందు చివర నల్ల కవరు మాత్రం నా కుక్కకి పెట్టను. పసిపిల్లలున్న ఇంట్లో అసలే పెట్టను. ఇది నా మాట, గోడ మీద చేయి పెట్టి చెబుతున్నా.

వదినగారు ఇప్పుడు చికెన్ ఉడికిస్తోంది. కాస్త అన్నం, రెండు క్యారెట్ ముక్కలు, డాక్టరుగారు రాసిచ్చిన కాల్షియం సీసా. ఉల్లిపాయ వెయ్యదు, అది కుక్కలకి విషమని నేనే చెప్పాను. పొద్దున పూట మాత్రం నా దగ్గర రెండు డబ్బాల బిళ్లలు అప్పు తీసుకుంటుంది, ఏదో కాఫీపొడి తీసుకున్నట్టు. మెల్‌బోర్న్‌కి ఈ సంగతులేవీ తెలియవు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో టైగరు భోజనం చూపించమన్నాడు వాళ్లబ్బాయి. ఆవిడ ఫోను గిన్నె మీదకి వంచింది. చేతి అలవాటు కదా, ఉడికించేటప్పుడు చిటికెడు పసుపు పడిపోయింది.

"అమ్మా, చికెన్ అంత పచ్చగా ఉందేంటి?"

"నువ్వేగా పచ్చిది పెట్టమన్నావు!" అంది వదినగారు. నేను కుండీ మీంచి కిందికి దిగిపోయాను.