మెజారిటీ ఎంతన్నదే మాట: నెల్లూరు తీరం నుంచి ఉత్తరాలు

ముత్తుకూరు, 11 ఏప్రిల్ 2021

అక్కా,

కృష్ణపట్నం రేవు దారిలో లారీల దుమ్ము, పక్కనే రొయ్యల గుంటలు. ఊరు నెల్లూరు జిల్లాదే, ఓటు మాత్రం తిరుపతి లోక్‌సభకు. ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు గారు నిరుడు సెప్టెంబరులో కోవిడ్‌కు చికిత్స పొందుతూ పోయారు కదా, ఆ సీటు ఉప ఎన్నికకే 17న పోలింగు. వైసీపీ ఆయన కొడుకును ఎమ్మెల్సీ చేసి, జగన్ పాదయాత్రలో వెంట నడిచిన ఫిజియోథెరపిస్టు గురుమూర్తికి టికెట్ ఇచ్చింది. టీడీపీ నుంచి పనబాక లక్ష్మి, బీజేపీ నుంచి రత్నప్రభ, కాంగ్రెస్ నుంచి చింతా మోహన్. చిన్న పేర్లు కావు. అయినా టీ కొట్లో ఎవరు గెలుస్తారన్న మాటే లేదు. మెజారిటీ మూడు లక్షలా, ఐదా అన్నదొక్కటే వాదన. 2019లో జిల్లాలోని పది అసెంబ్లీ సీట్లూ వైసీపీకే పోయిన చోట అంతకన్నా ఏముంటుంది?

దుగరాజపట్నం, 13 ఏప్రిల్

అక్కా,

ఉగాది పచ్చడి ఒక మత్స్యకారుల ఇంట్లో తిన్నాను. గుమ్మం పక్కన వలలు, వాకిట్లో ఎండుచేపలు. 1626లోనే ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు, మద్రాసుకు పోయింది ఆ తర్వాతే. 2014 విభజన చట్టం ఇక్కడ పెద్ద రేవు కట్టాలని, మొదటి దశ 2018కల్లా పూర్తి చేయాలని రాసింది. నేను నిలబడి చూసిన చోట ఇసుకా, పడవలూ తప్ప ఏమీ లేవు.

ఇంటి పెద్దాయన రేవు మాట ఎత్తలేదు, పులికాట్ సరస్సులోకి సముద్రపు నీళ్ళు వచ్చే మొగ గురించే చెప్పాడు. "రాయదొరువు మొగ పూడిపోతా ఉంది. నీళ్ళు లోపలికి రాకపోతే పులికాట్‌లో చేపెట్టా వస్తాదయ్యా? దాన్ని తవ్వించమనండి చాలు" అన్నాడు. ఓటు ఎవరికని నేను అడగలేదు. మొగ సంగతి అడగడానికి ఏ పార్టీ వాళ్ళు వచ్చారని మాత్రం అడిగాను. జెండాలు కట్టి పోయారన్నాడు. ఓడిపోతామన్న భయం లేని పార్టీకీ, గెలుస్తామన్న ఆశ లేని పార్టీకీ ఈ వాకిట్లో కూర్చునే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు కోపం వచ్చింది అక్కా, ఇంకా తగ్గలేదు.

నెల్లూరు, 2 మే

అక్కా,

లెక్క తేలింది. గురుమూర్తికి 2,71,592 ఓట్ల మెజారిటీ, 2019లో దుర్గాప్రసాద్ గారికి వచ్చిన 2,28,376 కన్నా ఎక్కువ. కానీ ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు అప్పటికన్నా బాగా తగ్గారు. కోవిడ్ భయం ఒక కారణం, ఫలితం తెలిసిపోయిందన్న ధీమా ఇంకొకటి అని నా ఉద్దేశం. తిరుపతిలో బయటివాళ్ళను బస్సుల్లో తెచ్చి దొంగ ఓట్లు వేయించారని టీడీపీ, బీజేపీ ఫిర్యాదు చేశాయి. గెలుపు ఖాయమైన చోట అలాంటి ఆరోపణ రావడమే సిగ్గు.

గురుమూర్తి గారికి ఇంకా మూడేళ్ళు ఉంది. చట్టంలో రాసిన రేవు ఏమైందని, పూడిన మొగ ఎప్పుడు తవ్విస్తారని ఆయన పార్లమెంటులో నిలబడి అడగాలి. అంత మెజారిటీ ఉన్నవాడికి ఎవరికీ మొహమాటపడాల్సిన పని లేదు.