రైలు వెళ్ళిపోయిన దారి

మా అమ్మాయి కాపరం వుండే మేడిసన్ పట్నం నుంచి వాయవ్యంగా కారులో గంటన్నర పోతే నేల తీరు మారిపోతుంది. అంతవరకూ మెల్లగా పొర్లుతున్నట్టుండే మొక్కజొన్న చేలు వున్నట్టుండి గుట్టలుగా లేచి, లోయలుగా విరిగిపోతాయి. వెనకటి మంచు యుగంలో అమెరికా ఉత్తరభాగాన్నంతా చదును చేసిన హిమానీనదాలు విస్కాన్సిన్ రాష్ట్రంలోని యీ మూలని మాత్రం ముట్టుకోకుండా పక్కనించి వెళ్ళిపోయాయిట. ఆ గుట్టల మధ్య దారిలో గుర్రబ్బండి మాకు యెదురైంది. గడ్డం పెంచుకున్న బండివాడు తల పంకించి పోయాడు. ఆమిష్ మతస్థులు మోటారు కార్లు పెట్టుకోరనీ, యీ ప్రాంతంలో వాళ్ళు చాలామందే వున్నారనీ అల్లుడు చెప్పాడు.

ఇది 2016 జూన్ నెల మాట. నేను మునిసిపల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరై అప్పటికి యెనిమిదేళ్ళు. అమెరికా వచ్చిన తలిదండ్రులని పిల్లలు నయాగరా తిప్పుతారు, గుడికి తీసుకుపోతారు, పెద్ద పెద్ద దుకాణాలు చూపిస్తారు. ఆ మూడూ అయిపోయాక యింక మనతో యేం చెయ్యాలో వాళ్ళకీ తోచదు. "మావయ్యగారూ, మీకు రోడ్లంటే యిష్టం గదా, ఒక రోడ్డు చూపిస్తాను రండి" అన్నాడు మా అల్లుడు. మా ఆవిడ మోకాలు బాగుండదు గనక యింట్లో వుండిపోయింది. అమ్మాయీ, అల్లుడూ, తొమ్మిదేళ్ళ మనవడూ, కారు వెనక కట్టిన వాడి సైకిలూ, నేనూ బయల్దేరాము.

అతను చూపిస్తానన్న రోడ్డు వొకప్పటి రైలు దారి. చికాగో అండ్ నార్త్ వెస్టరన్ కంపెనీ వాళ్ళు 1873లో మూడు సొరంగాలు తొలిచి యీ గుట్టల్లోంచి రైలు నడిపారు. తొంభై యేళ్ళు నడిచాక, 1964లో యింక గిట్టుబాటు కాదని వదిలేశారు. పట్టాలు తీసేసిన తర్వాత మిగిలిన కట్టని రాష్ట్ర ప్రభుత్వం కొని, సున్నపురాయి పొడి పరిపించి, 1967లో నడిచేవాళ్ళకీ సైకిళ్ళవాళ్ళకీ తెరిచింది. ఎల్రాయ్ అనే వూరి నుంచి స్పార్టా అనే వూరి దాకా 32 మైళ్ళు. అమెరికాలో పాత రైలు కట్టలని యిలా నడక దారులుగా మార్చడం తరవాత పెద్ద వుద్యమమే అయింది గాని, మొట్టమొదటి వాటిలో యిది వొకటి. రైలు యెక్కలేనంత యెత్తు యెక్కడా వుండదు గనక నాలాంటి అరవై యెనిమిదేళ్ళవాడు కూడా ఆయాసం లేకుండా నడవచ్చు.

మన దగ్గిర మీటరు గేజి తీసి బ్రాడు గేజి వేసినప్పుడు వదిలేసిన కట్ట ముక్కలు నేను చాలా చూశాను. వాటి మీద మొదట తుమ్మ మొలుస్తుంది. తుమ్మ తరవాత పాక. పాక తరవాత పట్టా.

దారిలో కెండాల్ అనే చిన్న వూరు వుంది. అక్కడి పాత రైలు స్టేషనే యిప్పుడు యీ దారికి కచేరీ. బల్ల వెనకాల కూర్చున్న పెద్దమనిషికి నాకన్నా నాలుగేళ్ళు యెక్కువే వుంటాయి. జీతం లేని పని, ఇష్టపడి చేస్తున్నాడు. పదహారేళ్ళు నిండినవాళ్ళు సైకిలు తొక్కితే టిక్కెట్టు కొనాలి, నడిచేవాళ్ళకి అక్కర్లేదు అన్నాడు. నేను మునిసిపాలిటీ మనిషినని అల్లుడు చెప్పేసరికి ఆయన కుర్చీ దగ్గిరకి జరుపుకున్నాడు. ఏ దేశంలోనైనా సరే, కట్టడాలు చేసినవాడూ బిల్లులు పెట్టినవాడూ కలుసుకుంటే మాటలకి కొరత వుండదు.

డబ్బు యెక్కణ్ణించి వస్తుందని అడిగాను. ఆయన చెప్పిందీ, యింటికొచ్చి నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

ఈ రాష్ట్రంలో 1961లో గేలార్డ్ నెల్సన్ అనే గవర్నరు సిగరెట్టు పెట్టెకి వొక సెంటు పన్ను వేసి, ఆ సొమ్ముతో పదేళ్ళలో అయిదు కోట్ల డాలర్ల భూములు ప్రజల విహారం కోసం కొనాలని చట్టం చేయించాడు. తరవాత సెనేటరై, 1970లో ధరిత్రీ దినం మొదలుపెట్టినవాడూ ఆయనే. పొగ తాగేవాడి చేత గాలి పీల్చేవాడికి తోట కొనిపించాడన్న మాట. కేంద్రంలో 1964లో ప్రెసిడెంటు జాన్సన్ వొక నిధి చట్టం మీద సంతకం పెట్టాడు. సముద్రంలో తవ్వే చమురు మీద కంపెనీలు కట్టే రాయల్టీయే దానికి ముఖ్యమైన ఆదాయం. రాష్ట్రాలూ, పట్నాలూ పార్కుకి సగం ఖర్చు పెట్టుకుంటే మిగతా సగం ఆ నిధి యిస్తుంది. ఇంక 1991లో దారుల కోసం యింకొక గ్రాంటు పెట్టారు. మంచు బళ్ళూ, అడవుల్లో తిరిగే మోటారు బళ్ళూ రోడ్డెక్కకుండా కాల్చే పెట్రోలు మీద కూడా రోడ్డు పన్ను పడుతుంది గదా, ఆ పన్నులో కొంత తిరిగి దారులకే రావాలని అందులోని న్యాయం. నూటికి యెనభై దాకా కేంద్రం యిస్తుంది. మిగతా యిరవై వూరివాళ్ళు చూసుకోవాలి. ఆ యిరవైలో ఊరివాళ్ళు వచ్చి పలుగూ పారా పట్టి చేసిన పనికి కూడా గంటకింత అని విలువ కట్టి జమ వేసుకోవచ్చుట! ఈ మాటకి మాత్రం నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. శ్రమదానానికి మన దగ్గిర ఫోటో తీస్తారు గాని, మెజర్‌మెంట్ బుక్కులో యెక్కించరు.

అంతా తేనె కాదులెండి. ముందు సొంత డబ్బు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి, తరవాత రాబట్టుకోవాలి. చిన్న వూళ్ళకి ఆ ముందు డబ్బే వుండదు. చమురు నిధికి యేటా తొంభై కోట్ల డాలర్లు అని కాగితం మీద వున్నా, చాలా యేళ్ళు అందులో పెద్ద భాగం వేరే ఖర్చులకి మళ్ళిపోయింది. నేను వెళ్ళే ముందు సంవత్సరం, 2015 సెప్టెంబరులో, చట్టం గడువే తీరిపోయి కొన్నాళ్ళు ఆగిపోయింది కూడాను. 2019లో దాన్ని శాశ్వతం చేశారు. 2020లో ఆ తొంభై కోట్లూ యేటా తప్పకుండా యివ్వాలని యింకొక చట్టం చేశారు. చూశారా, యాభై అయిదేళ్ళు పట్టింది.

అయితే ఆయన చివర్లో మామూలుగా అనేసిన మాట నన్ను పట్టుకుంది. ఆ నిధి సొమ్ము వొక్క డాలరు పడినా సరే, ఆ పార్కు యెప్పటికీ పార్కుగానే వుండాలిట. వేరే పనికి వాడాలంటే కేంద్రం వొప్పుకోవాలి. దానికి సమానమైన ఖరీదూ, సమానమైన ఉపయోగమూ వున్న యింకొక స్థలం ముందు చూపించాలి. "నాలుగు బల్లలు వేసుకుందామని గ్రాంటు తీసుకుంటే ఆ నేల యింక యెవడికీ అమ్ముడుపోదు. అందుకే కొందరు మేయర్లకి గ్రాంటంటే భయం" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

అక్కణ్ణించి నార్వాక్ అనే వూరు చేరి, కారు అక్కడ పెట్టి నడక మొదలుపెట్టాము. ఆ చిన్న వూరు తనని తాను నల్ల వుడతల ప్రపంచ రాజధాని అని చెప్పుకుంటుంది. వాడు అరగంట చెట్లన్నీ వెతికాడు గాని రాజధానిలో ఒక్క పౌరుడూ కనిపించలేదు. మూడో సొరంగం అక్కడికి రెండు మూడు మైళ్ళు. రెండు పక్కలా రాతిని నిలువుగా కోసిన గోడలు, వాటి మీద నాచు, పసిరిక వాసన. జూన్ యెండలోంచి నడుస్తూ వుండగా వున్నట్టుండి కాళ్ళకి చల్లగాలి తగిలింది. తల యెత్తి చూస్తే గుట్టలో నల్లటి నోరు.

దాని పొడుగు 3,810 అడుగులు, అంటే దాదాపు 1,160 మీటర్లు. మూడేళ్ళు తొలిచారు. ద్వారానికి రెండు మనుషులెత్తు తలుపులు యిప్పటికీ వున్నాయి. చలికాలంలో లోపల కారే నీరు గడ్డకట్టి పెచ్చులు పేలకుండా, ఆ రోజుల్లో కావలివాడు రైలు వచ్చినప్పుడల్లా తలుపులు తీసి, వెళ్ళగానే మూసేవాడట. ఇప్పుడూ చలికాలంలో మూసేస్తారు. లోపల దీపాలు లేవు. సైకిలు దిగి నడిపించుకుంటూ, టార్చిలైటు పట్టుకుని వెళ్ళాలి. పైనించి నీళ్ళు చినుకుల్లా పడుతున్నాయి. వాడూ వాళ్ళ నాన్నా లైటు పుచ్చుకుని ముందుకు పోయారు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. సగం దూరం పోయేసరికి ముందు వెలుతురూ లేదు, వెనకటి వెలుతురూ చుక్కయిపోయింది.

"నాన్నా, మన పార్కులో గదూ నేను సైకిలు నేర్చుకున్నాను" అంది.

మా వూళ్ళో రెండెకరాల పార్కు వొకటి వుండేది. లేఅవుటు వేసినప్పుడు జనం కోసం వదిలిన స్థలం. 1983లో గ్రాంటు వస్తే అందులో నడక బాటా, పదకొండు సిమెంటు బల్లలూ నేనే దగ్గిరుండి వేయించాను. సాయంకాలం మా ఆవిడ పిల్లని తీసుకుని అక్కడికే వెళ్ళేది. 1994లో రోడ్డు వైపు అర ఎకరంలో షాపింగు కాంప్లెక్సు కట్టాలని పైనించి నిర్ణయం దిగింది. ఆదాయం వస్తుంది, జీతాలకి పనికొస్తుంది అన్నారు. ఆ మాట అబద్ధమూ కాదు. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. "స్థలం ప్రస్తుతం పెద్దగా వుపయోగంలో లేదు, అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ ముందు సాయంకాలం కూడా నా భార్యాపిల్లలు అక్కడే వున్నారు.

గేటు షాపుల వెనక్కి పోయింది. మిగతా ఎకరంన్నరలో చెత్త పోయడం మొదలైంది. మా ఆవిడ నడక రోడ్డు మీదికి మారింది. 1997లో వొక మోటారు సైకిలు తగిలి మోకాలు విరిగింది. ఆ మోకాలే యివాళ ఆమెని యింట్లో వుంచింది.

ఇదంతా ఆ చీకట్లో మా అమ్మాయికి చెప్పాను. ఇరవై రెండేళ్ళలో యింట్లో యెవరికీ చెప్పలేదు. మొహాలు కనపడని చోట గనక చెప్పగలిగాను కాబోలు. అది కొంతసేపు మాట్లాడలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మకి తెలుసా?"

"నేను చెప్పలేదు."

మరి కొంత నడిచాక, "ఆ మిగిలిన ఎకరంన్నర యిప్పుడు కాగితాల్లో యెవరి పేర వుంది నాన్నా?" అని అడిగింది. అది బ్యాంకులో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తుంది. ముప్ఫై యేళ్ళకి పైగా ఆ కాగితాల మధ్యే బతికిన నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంతలో అవతలి నోరు రూపాయి బిళ్ళంత కనిపించింది.

ఆ రాత్రి మా ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ చపాతీలు వొత్తుతూ, "సంతకం మీదేనని ఆ కాంప్లెక్సు ప్రారంభోత్సవం నాడే మీ గుమాస్తా భార్య చెప్పింది" అంది. అంతే. మరి రెండు చపాతీలు వొత్తి, "కూర చాలుతుందా?" అని అడిగింది.

తిరిగి వచ్చాక సమాచార హక్కు చట్టం కింద లేఅవుటు నకలు అడిగాను. నేను పనిచేసిన కచేరీలోనే పది రూపాయల రుసుం కట్టి రసీదు పుచ్చుకోవడం చిత్రంగా వుంది. నకలు వచ్చింది. ఎకరంన్నరా పార్కు అనే వుంది. కొలిపిస్తే పద్నాలుగు సెంట్లు పక్కవాళ్ళ గోడల్లో వుంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో పార్కులకి రెండున్నర శాతం కేటాయించారు గాని, లక్ష జనాభా కూడా లేని మా వూరు ఆ జాబితాలో లేదు. మునిసిపాలిటీ సాధారణ నిధుల నుంచి సగం, కాలనీ వాళ్ళ చందా సగం అని నేనే ప్రతిపాదన రాసి యిచ్చాను. ఎక్కడ నేర్చుకున్నానో మీకు తెలుసు. మూడేళ్ళు తిరిగితే కంచే, గేటూ, చుట్టూ 310 మీటర్ల బాటా వచ్చాయి. ఆ పద్నాలుగు సెంట్లూ మాత్రం యింకా కోర్టులో వున్నాయి.

బాట మీదికి టైల్సు వేద్దామని కంట్రాక్టరు పట్టుపట్టాడు. వద్దు, క్రషరు డస్టు పరిచి నీళ్ళు చల్లి రోలరు తొక్కించు, కాళ్ళకి మెత్తగా వుంటుంది, పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు అని నేను పట్టుపట్టాను. విస్కాన్సిన్ కథంతా చెప్పాను. అతను విని, "అమెరికాలో వానలు మనలా పడవేమో సార్" అన్నాడు. చివరికి నా మాటే నెగ్గింది. మా ఆవిడ చేతికర్ర పుచ్చుకుని మొదటి రోజు వొక చుట్టు తిరిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విదిలించుకుంటూ, "ఈ పొడంతా యింట్లోకి వస్తోంది. ఆ కుర్రాడు చెప్పినట్టు టైల్సు వేయిస్తే పోయేది గదండీ" అంది.